పామ్ తోటల్లేని దేశం నుంచి పామాయిల్

నేపాల్‌లో ఆయిల్ పామ్ తోటలు లేవు. ఆ చెట్టుకి ఏడాది పొడుగునా వేడి కావాలి, తేమ కావాలి. హిమాలయాల పక్కన అది కుదిరే పని కాదు. అయినా 2019 నాటికి నేపాల్ నుంచి బయటికి వెళ్లే సరుకుల్లో మొదటి స్థానం దేనిదో తెలుసా? పామాయిల్‌ది. టీ కాదు, ఏలకులు కాదు, తివాచీలు కాదు.

ఆ తర్వాత సోయాబీన్ నూనె దాన్ని దాటేసింది. 2020-21లో నేపాల్ మొత్తం ఎగుమతుల్లో మూడో వంతుకి పైగా సోయా నూనే. మరి సోయా పండుతుందా అంటే, కొండల్లో ఇంటి అవసరాలకి కాస్తో కూస్తో పండించుకుంటారు. ఫ్యాక్టరీలు నడిచేంత కాదు.

మొదటిసారి ఈ లెక్క చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఫోన్లో మ్యాప్ ఓపెన్ చేశాను. మీరు కూడా చేయండి, సరదాగా ఉంటుంది. అర్జెంటీనాలోనో బ్రెజిల్‌లోనో ముడి సోయా నూనె ఓడెక్కుతుంది. ఇండోనేషియా, మలేషియా నుంచైతే ముడి పామాయిల్. ఓడ కోల్‌కతా వైపు, హల్దియాకి వస్తుంది. నేపాల్‌కి సముద్రం లేదు కదా. అక్కడి నుంచి బెంగాల్, బిహార్ మీదుగా నేపాల్‌లోని బీర్‌గంజ్, బిరాట్‌నగర్ ఫ్యాక్టరీలకి చేరుతుంది. అక్కడ శుద్ధి చేసి డబ్బాల్లో, ప్యాకెట్లలో పోస్తారు. మళ్లీ లారీ ఎక్కి అదే బోర్డర్ దాటి బిహార్, యూపీ, బెంగాల్ కిరాణా కొట్లకి వచ్చేస్తుంది.

అంటే ఒకే నూనె ఇండియా నేల మీద రెండుసార్లు ప్రయాణం చేస్తోంది. ఏ వ్యాపారికైనా డీజిల్ ఖర్చు తెలుసు. తెలిసీ ఈ తిరుగుడు ఎందుకు తిరిగిస్తున్నాడు?

వంద రూపాయల సరుకు అనుకుని లెక్క వేద్దాం. 2024 సెప్టెంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచింది. ఇండియాలో ఉన్న రిఫైనరీ వంద రూపాయల ముడి నూనె తెచ్చుకుంటే సెస్సులన్నీ కలిపి 27 రూపాయల 50 పైసలు కట్టాలి. అంతకుముందు రోజు దాకా అది 5 రూపాయల 50 పైసలే. శుద్ధి చేసిన నూనె నేరుగా బయటినుంచి తెస్తే 35 రూపాయల 75 పైసలు. అదే శుద్ధి చేసిన నూనె నేపాల్ సరుకుగా బోర్డర్ దాటితే? సున్నా.

ఎందుకు సున్నా అంటే, ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి. ఇండియా, నేపాల్ మధ్య వాణిజ్య ఒప్పందం ఉంది. దాని ప్రకారం నేపాల్‌లో తయారైన సరుకులు కొన్ని మినహాయింపులతో సుంకం లేకుండా ఇక్కడికి రావచ్చు. దాని మీద దక్షిణాసియా దేశాల మధ్య సాఫ్టా ఒప్పందం ఒకటి ఉంది. అందులో బాగా వెనకబడిన దేశాలకి ఇంకా ఎక్కువ రాయితీ. నేపాల్ ఆ కోవలోకే వస్తుంది.

కాబట్టి ఆ లారీల్లో తిరిగేది నూనే అయినా, నిజంగా అమ్ముడయ్యేది ఆ సుంకాల మధ్య తేడా. రవాణా, అక్కడి పన్నులు, ఫ్యాక్టరీ ఖర్చు పోనూ ఆ తేడాలో మిగిలిందే లాభం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ తేడా ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఖాట్మండులో ఎవరూ కాదు. ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వస్తుంది, రాత్రి పన్నెండు దాటగానే అమల్లోకి వచ్చేస్తుంది. నేపాల్ నంబర్ వన్ ఎగుమతి బతుకు దాని మీదే ఉంది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది. 2018లో ఇండియా పామాయిల్ మీద సుంకం బాగా పెంచింది, ముడి నూనెకి 44 శాతం, శుద్ధి చేసినదానికి 54 శాతం. వెంటనే నేపాల్ నుంచి పామాయిల్ వరద. 2020 జనవరిలో ఇండియా శుద్ధి చేసిన పామాయిల్‌ని ఆంక్షల జాబితాలో పెట్టింది, లైసెన్స్ ఉంటేనే దిగుమతి అంది. కశ్మీర్ గురించి, పౌరసత్వ చట్టం గురించి మలేషియా ప్రధాని మహతీర్ అన్న మాటలకి ఇది జవాబు అని అప్పట్లో అందరూ అనుకున్నారు, మన ప్రభుత్వం మాత్రం అలా చెప్పలేదు. ఆర్డర్‌లో మలేషియా పేరు లేదు, అన్ని దేశాలకీ ఒకటే రూలు. ఆబోతుల కొట్లాటలో లేగదూడ కాళ్లు విరిగాయి. నేపాల్ పామాయిల్ లారీలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీలు సోయా వైపు మళ్లాయి.

2021 చివర్లో ఇక్కడ వంటనూనె ధరలు మండిపోతున్నాయని కేంద్రం ముడి నూనెల మీద మూల సుంకం తీసేసింది. తేడా చచ్చిపోయింది. 2022-23లో నేపాల్ మొత్తం ఎగుమతులు ఐదో వంతుకి పైగా పడిపోయాయి, దానికి పెద్ద కారణం నూనే. మళ్లీ 2024 సెప్టెంబర్‌లో మనవాళ్లు సుంకం పెంచారు. 2024-25లో నేపాల్ ఎగుమతులు ఒక్కసారిగా 80 శాతం దాకా పెరిగాయి. అక్కడి పత్రికల్లో రికార్డు అని రాశారు. రికార్డే, కాదనను. కానీ ఆ రికార్డు కోసం నేపాల్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

2025 మే నెలాఖరులో ముడి నూనెల సుంకాన్ని సెస్సులతో కలిపి 16.5 శాతానికి తగ్గించారు. బిరాట్‌నగర్ ఫ్యాక్టరీ ఓనర్లు ఆ రాత్రి ఎలా నిద్రపోయారో మీరే ఊహించుకోండి.

ఇది మొదటిసారి కూడా కాదు. 1996లో ఇండియా చాలా ఉదారంగా ఒక ఒప్పందం చేసింది. నేపాల్‌లో తయారైతే చాలు, అందులో స్థానిక ముడిసరుకు ఎంత అని అడగం అంది. మూడు నాలుగేళ్లలో వనస్పతి, రాగి సామాన్లు వరదలా వచ్చాయి. రాగి గనులున్న దేశం కాదు, పామాయిల్ తోటలున్న దేశం కాదు. ఇక్కడి వనస్పతి కంపెనీలు గోల పెట్టాయి. 2002లో ఒప్పందం తిరగరాశారు. వనస్పతికి ఏడాదికి లక్ష టన్నుల కోటా పెట్టారు. మిగతా సరుకులకి అక్కడి విలువ కనీసం 30 శాతం ఉండాలన్న రూలు వచ్చింది. అంటే వంద రూపాయల సరుకులో బయటి దేశం నుంచి తెచ్చింది 70కి మించకూడదు.

ముడి నూనెని శుద్ధి చేస్తే 30 శాతం విలువ కలుస్తుందా? ఇక్కడి సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్టర్స్ అసోసియేషన్ కలవదంటోంది, మూలం రూల్స్‌ని తుంగలో తొక్కుతున్నారని కేంద్రానికి లేఖలు రాసింది. అక్కడి ఫ్యాక్టరీలవాళ్లు అన్నీ రూల్ ప్రకారమే అంటున్నారు. నాకైతే ముడి నూనె ధరే అసలు ఖర్చయిన చోట 30 శాతం చూపించడం గట్టి అకౌంటెంట్ ఉంటే తప్ప అయ్యే పనిలా అనిపించడం లేదు.

ఈ కథలో మనవాళ్లు కూడా ఉన్నారు. దేశంలో ఆయిల్ పామ్ పండించడంలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానం, తెలంగాణ రెండు. ఈ రెండు రాష్ట్రాలు కలిపితే దేశం పండించే దాంట్లో 90 శాతం పైనే. పెదవేగి, అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా అవే తోటలు. రైతుకి వచ్చే టన్ను గెలల ధర ముడి పామాయిల్ ధరకి ముడిపడి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో సుంకం పెంచాక తెలంగాణలో టన్ను గెలలు 20 వేలు దాటాయి. మరుసటి మే నెలలో సుంకం తగ్గించగానే రైతు సంఘాలు మండిపడ్డాయి.

అంటే అశ్వారావుపేట రైతు, బిరాట్‌నగర్ ఫ్యాక్టరీ ఓనరు ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడకపోయినా ఇద్దరూ ఎదురుచూసేది ఢిల్లీ నుంచి వచ్చే ఒకే కాగితం కోసం. విచిత్రం ఏంటంటే సుంకం పెరిగితే ఇద్దరికీ సంతోషమే. కాకపోతే రైతుకి ఆ సంతోషం పూర్తిగా దక్కదు, పెరిగిన గోడకి నేపాల్ వైపు ఒక సందు ఉంది కాబట్టి. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇండియా ఏటా దిగుమతి చేసుకునే వంటనూనె కోటిన్నర టన్నుల పైమాటే. అందులో నేపాల్ నుంచి వచ్చేది చిన్న వాటా. గెలల ధర పడిపోతే నేపాల్‌ని తిట్టడం సులువు. ఆ ధర ప్రధానంగా ఇండోనేషియా, మలేషియా మార్కెట్లతో, ఢిల్లీ సుంకంతో నడుస్తుంది.

మరి నేపాల్ ఇంకో దారి చూసుకోవచ్చు కదా అని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు. మళ్లీ మ్యాప్ చూడండి. మూడు పక్కలా ఇండియా, నాలుగో పక్క హిమాలయం. మొత్తం వ్యాపారంలో మూడింట రెండు వంతులు ఇండియాతోనే. నేపాలీ రూపాయి 1993 నుంచీ మన రూపాయికి కట్టేసి ఉంది, మన ఒక రూపాయికి వాళ్లవి 1.60. పెట్రోలు, డీజిల్ మన ఇండియన్ ఆయిల్ నుంచే వెళ్తాయి. 2019 నుంచి మోతిహారి, అమ్లేఖ్‌గంజ్ మధ్య 69 కిలోమీటర్ల పైప్‌లైన్ కూడా ఉంది.

ఇలాంటి దేశానికి ఒప్పందం అంటే కాగితం కాదు, ఊపిరి గొట్టం. అది ఎలా ఆగిపోగలదో వాళ్లు రెండుసార్లు చూశారు. 1989 మార్చి 23న వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరింది. రెండూ కలిపి ఒకే ఒప్పందం చేద్దామని ఇండియా, కాదు విడివిడిగానే ఉండాలని నేపాల్. చైనా నుంచి నేపాల్ ఆయుధాలు కొన్న కోపం వెనకాల ఉండనే ఉంది. బోర్డర్‌లో 15 దారులుంటే 13 మూసేశారు. కిరోసిన్ లేక జనం వంటకి చెట్లు నరుక్కున్నారు. 1990లో అక్కడ ప్రభుత్వం మారాక గానీ పరిస్థితి చక్కబడలేదు.

రెండోది మీలో చాలామందికి గుర్తుండొచ్చు. 2015 ఏప్రిల్‌లో భూకంపం. సెప్టెంబర్ 20న కొత్త రాజ్యాంగం. తమకి అన్యాయం జరిగిందని తరాయిలోని మధేశీలు రక్సౌల్, బీర్‌గంజ్ దగ్గర దారికి అడ్డంగా కూర్చున్నారు. లారీలు ఆగిపోయాయి. ఇది వాళ్ల ఇంటి గొడవ, డ్రైవర్లు భయపడి వెళ్లట్లేదు అని ఇండియా అంది. ఇండియానే దిగ్బంధం చేసింది అని నేపాల్ అంది. ఎవరి మాట నిజమైనా, భూకంపంలో ఇల్లు పోయి టెంట్‌లో ఉన్నవాళ్లకి చలికాలంలో గ్యాస్ బండ దొరకలేదు, ఆస్పత్రుల్లో మందులు అయిపోయాయి. 2016 ఫిబ్రవరి దాకా అంతే.

ఆ తర్వాత రెండు పనులు జరిగాయి. ప్రధాని ఓలీ 2016 మార్చిలో చైనా వెళ్లి రవాణా ఒప్పందం చేసుకొచ్చారు. చైనా రేవులు వాడుకోవచ్చు అని కాగితం మీద ఉంది. కానీ దానిలో ఉన్న తియాన్‌జిన్ రేవు మూడు వేల కిలోమీటర్ల పైనే, మధ్యలో హిమాలయాలు, వర్షాకాలం వస్తే కొండచరియలు. కోల్‌కతా నుంచి బీర్‌గంజ్ 700 కిలోమీటర్లు. పోలికే లేదు.

రెండో పని మన ఊరికి సంబంధించింది. అదే ఏడాది నేపాల్ సరుకుకి కోల్‌కతా, హల్దియాతో పాటు విశాఖపట్నం రేవుకి కూడా ఇండియా అనుమతి ఇచ్చింది. విశాఖ నుంచి నేపాల్ బోర్డర్ 1400 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కోల్‌కతాకి రెట్టింపు. అయినా లోతైన రేవు కావడంతో పెద్ద ఓడలు నేరుగా వస్తాయి, కంటైనర్‌కి సీల్ వేసి రైలెక్కిస్తే బీర్‌గంజ్ డ్రై పోర్ట్‌లో దిగుతుంది. ఇది వైజాగ్ కుర్రాళ్లకి కూడా పెద్దగా తెలియదు. దారి ఒకటి ఎక్కువైతే బేరమాడే శక్తి కొంచెం పెరుగుతుంది. కొంచెమే. ఎందుకంటే విశాఖ అయినా హల్దియా అయినా తాళం చెవి ఉండేది ఒకే చేతిలో.

నాకు అసలు బాధ కలిగించేది నూనె సంగతి కాదు. నూనె నేపాల్‌ది కానే కాదు. నిజంగా నేపాల్ నేల మీద పుట్టిన సరుకుల సంగతి చూడండి. టీ, అల్లం, పెద్ద ఏలకులు. వీటికీ సుంకం సున్నానే. కానీ బోర్డర్‌లో శాంపిల్ తీస్తారు, ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్ట్ వచ్చేదాకా లారీ ఆగాలి. పచ్చి అల్లం ఎన్ని రోజులు ఆగుతుంది? నేపాల్ ఆకుని డార్జిలింగ్ టీ పేరుతో అమ్మేస్తున్నారని మన డార్జిలింగ్ తోటలవాళ్ల ఫిర్యాదు ఉంది. అందులో నిజం లేకపోలేదు, ఆ పని చేసేది చాలావరకు ఇటువైపు వ్యాపారులే అనుకోండి. పరీక్షలు వద్దని ఎవరూ అనరు. పెద్ద ఫ్యాక్టరీ ఓనరు కాగితాలు చూపించి దాటేస్తాడు, ఇలాం కొండల్లో నాలుగు ఎకరాల టీ రైతు ఆగిపోతాడు. సుంకం సున్నా అని ఒప్పందంలో రాసి ఉన్నా అతనికి అది సున్నా కాదు.

ఇక కరెంటు. నేపాల్ దగ్గర నిజంగా ఉన్న ఆస్తి నీళ్లు. వానాకాలంలో నదులు పొంగినప్పుడు జలవిద్యుత్ మిగిలిపోతుంది, చలికాలంలో తక్కువై ఇండియా నుంచి కొనుక్కుంటుంది. 2021 నవంబర్‌లో మొదటిసారి ఇండియా పవర్ ఎక్స్చేంజ్‌లో అమ్ముకోవడానికి నేపాల్‌కి అనుమతి వచ్చింది. ఎంత? 39 మెగావాట్లు. త్రిశూలి, దేవీఘాట్ ప్రాజెక్టుల నుంచి. ఆ రెండూ ఇండియా సాయంతో కట్టినవే. 2024 జనవరిలో పదేళ్లలో పది వేల మెగావాట్లు కొంటామని ఇండియా పెద్ద ఒప్పందమే చేసుకుంది. మంచిదే. కానీ కింద చిన్న అక్షరాలు ఉన్నాయి. చైనా పెట్టుబడి గానీ చైనా కాంట్రాక్టర్ గానీ ఉన్న ప్రాజెక్టు నుంచి అయితే కొనరు. నేపాల్ సొంత డబ్బుతో, సామాన్య జనం షేర్లు కొని కట్టుకున్న 456 మెగావాట్ల అప్పర్ తామాకోశిలో కొండ తవ్వింది చైనా కంపెనీ. అంతే, దాని కరెంటుకి ఇక్కడ అనుమతి రాలేదు.

భద్రత గురించి ఢిల్లీకి ఉన్న అనుమానాలు ఊరికే పుట్టినవి కావు, గల్వాన్ తర్వాత అసలే కావు. ఏ ప్రభుత్వమైనా గ్రిడ్ విషయంలో జాగ్రత్తగానే ఉంటుంది. అయినా నా లెక్క ఇది: బోర్డర్‌లో రెండు సరుకులు నిలబడ్డాయి. ఒకటి అర్జెంటీనాలో పుట్టి, నేపాల్‌లో ముఖం కడుక్కుని వచ్చిన నూనె. రెండోది నేపాల్ నదిలో పుట్టిన కరెంటు. మొదటిదానికి సుంకం లేకుండా రాస్తా, రెండోదాన్ని కట్టినవాడెవడు అని ప్రశ్నలు. ఏది ఎవరి సరుకో చూసే రూలు ఉండగా ఫలితం ఇలా తలకిందులుగా ఎందుకొచ్చింది?

నేపాల్ ప్రభుత్వాలది తప్పు లేదనను. సుంకం తేడా మీద వచ్చే సులువు డబ్బు ఉన్నన్నాళ్లు టీ ల్యాబ్ మీద, అల్లం ప్రాసెసింగ్ మీద ఎవరు మనసు పెడతారు? మన దేశం గుర్తించే ల్యాబ్ అక్కడే పెట్టుకుని, అక్కడే సర్టిఫికెట్ ఇస్తే లారీ ఆగక్కర్లేదు. ఈ మాట ఏళ్ల తరబడి రెండు వైపులా మీటింగుల్లో తిరుగుతూనే ఉంది. ఈలోగా ఊళ్లలో కుర్రాళ్లు గల్ఫ్‌కి, మలేషియాకి వెళ్లిపోతున్నారు. వాళ్లు పంపే డబ్బు నేపాల్ ఆదాయంలో పావు వంతు దాకా ఉంటుంది. మన ఊళ్లలో రాత్రి కాపలాకి, హోటల్ వంటగదికి వచ్చేవాళ్లు కూడా వాళ్లే.

అవసరం ఒకవైపే ఉందనుకోకండి. 2023 జులైలో టమాటా కిలో 150, 200 అయిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు ఇండియా నేపాల్ నుంచి టమాటా తెప్పించుకుంది, ఆర్థిక మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. అదే నెలలో మనం బియ్యం ఎగుమతి ఆపేశాం. నేపాల్‌లో బియ్యం రేటు ఎగిరింది. అక్టోబర్‌లో ప్రత్యేకంగా 95 వేల టన్నులు ఇస్తామన్నాం. ఒకే సీజన్‌లో వాళ్ల టమాటా మనకి, మన బియ్యం వాళ్లకి. కాకపోతే టమాటా లేకపోతే మనం చింతపండుతో సరిపెట్టుకుంటాం, బియ్యం లేకపోతే వాళ్లు దేనితో సరిపెట్టుకోవాలి?

ముందున్న తేదీ ఒకటి ఉంది. షెడ్యూలు ప్రకారం 2026 నవంబర్ 24న నేపాల్ ఐక్యరాజ్యసమితి వెనకబడిన దేశాల జాబితా నుంచి బయటికి వస్తుంది. పేరుకి అది ప్రమోషన్. ఆ జాబితాలో ఉన్నందుకు సాఫ్టా కింద వచ్చే ప్రత్యేక రాయితీలు ఆ తర్వాత ఉండవు. రెండు దేశాల మధ్య ఒప్పందం మాత్రం ఉంటుంది, అది ఏడేళ్లకోసారి దానంతటదే కొనసాగే ఏర్పాటు. 2009లో రాసినది 2016లో, 2023లో అలాగే ముందుకెళ్లింది. అందులో 30 శాతం రూలు కూడా అలాగే ఉంది. నూనె ఫ్యాక్టరీలు ఏ కాగితం మీద బోర్డర్ దాటతాయో అప్పుడు చూడాలి.

ఈలోగా 2024 నవంబర్ 15న చిన్న వార్త ఒకటి వచ్చింది, మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నేపాల్ మొదటిసారి మూడో దేశానికి కరెంటు అమ్మింది. బంగ్లాదేశ్‌కి, 40 మెగావాట్లు, ఇండియా తీగల మీదుగా. ఆ ఏడాది ఒక్కరోజే. తర్వాతి ఏడాది నుంచి ఏటా జూన్ 15 నుంచి నవంబర్ 15 దాకా. యూనిట్‌కి 6.4 అమెరికన్ సెంట్లు, డాలర్లలోనే.